సిమ్స్‌లో సినిమా డైరెక్టరు ఉద్యోగం

బతుకుని ఆటగా మార్చిన కంప్యూటర్ ఆటల్లో 'ది సిమ్స్'కి వచ్చినంత పేరు ఇంకోదానికి రాలేదు. మీలో చాలామంది ఆడే ఉంటారు. ఒక మనిషిని తయారు చేస్తాం, ఇల్లు కట్టిస్తాం, వాడు తినాలి, పడుకోవాలి, స్నానం చెయ్యాలి, నలుగురితో కబుర్లాడాలి, పొద్దున్నే లేచి పనికి పోవాలి. అంతే, గెలవడాలు ఓడిపోవడాలు ఉండవు. దీన్ని కనిపెట్టిన విల్ రైట్ ఇల్లు 1991లో ఓక్లండ్ కార్చిచ్చులో కాలిపోయింది. మళ్ళీ ఒక్కో వస్తువూ కొనుక్కుంటున్నప్పుడు అసలు మనిషికి ఏమేం కావాలి అన్న ఆలోచన వచ్చిందట. అదే 2000లో ఆటగా బయటికొచ్చింది.

ఒక ఏడాది నుంచి శని, ఆదివారాలు కూర్చుని సిమ్స్ 4కి ఒక మాడ్ రాస్తున్నా. ఆటకి బయటివాళ్ళు తగిలించే అదనపు ముక్కని మాడ్ అంటారు. సిమ్స్ 4కి అయితే కొన్ని ఎక్స్ఎంఎల్ ఫైళ్ళు, కొంచెం పైథాన్ రాస్తే చాలు, మనకి చేతనైన పనే. నా మాడ్‌లో సిమ్ చేసే ఉద్యోగం సినిమా డైరెక్టరు. హాలీవుడ్ డైరెక్టరు కాదు, మన తెలుగు డైరెక్టరు. కృష్ణానగర్‌లో నలుగురుండే గదిలో మొదలవుతాడు, క్లాప్ కొడతాడు, కంటిన్యుటీ రాస్తాడు, కథలు చెబుతాడు. ఎప్పటికైనా ఒకరోజు కొబ్బరికాయ కొట్టి సినిమా మొదలుపెట్టి, గుమ్మడికాయ కొట్టి పూర్తి చేస్తాడు. చెయ్యకపోనూ వచ్చు.

ఇంతకుముందు ఎవరూ చెయ్యలేదా అంటే, చేశారు, పక్కపక్కనుంచి పోయారు. సిమ్స్ 3కి 2010లో వచ్చిన 'లేట్ నైట్'లో సినిమా ఉద్యోగం ఉంది, కొంత పైకెళ్ళాక నటన, దర్శకత్వం అని రెండు దార్లు చీలుతుంది. కానీ మన సిమ్ స్టూడియో తలుపు తోసుకుని లోపలికి పోతాడు, సాయంత్రానికి బయటికొస్తాడు. లోపల ఏం వెలగబెట్టాడో మనకి కనపడదు. ఆడేవాళ్ళు ఇలాంటివాటిని కుందేలు బొరియ అంటారు. 2018లో సిమ్స్ 4కి 'గెట్ ఫేమస్' వచ్చింది. అందులో నటుడి ఉద్యోగం మనం దగ్గరుండి ఆడొచ్చు, ఆడిషనూ మేకప్పూ సీనూ అన్నీ మన చేతిలోనే. బాగా చేశారు. అక్కడ కూడా డైరెక్టరు మాత్రం ఆటే నడిపే బొమ్మ. ఇక 2005లో లయన్‌హెడ్ వాళ్ళ 'ది మూవీస్' ఉంది. అందులో మనం స్టూడియో ఓనర్లం, డైరెక్టర్ని చేత్తో ఎత్తి సెట్టు మీద పడేస్తే సినిమా తీసేస్తాడు. (నిర్మాతల కల ఇదేనేమో :) ) అన్నట్టు ఆ ఏడాదే ఫ్రాన్సులో గొడవలు జరిగితే, అలెక్స్ చాన్ అనే ఆయన ఆ ఆటలోనే 'ది ఫ్రెంచ్ డెమోక్రసీ' అని చిన్న సినిమా తీశాడు. కెమెరా లేదు, నటులు లేరు, సినిమా మాత్రం నిజం సినిమా. డైరెక్టర్ ఉద్యోగం ఆడించలేని ఆటతోనే ఒకాయన డైరెక్టరైపోయాడు.

ఎవరూ ఈ ఉద్యోగాన్ని ఎందుకు ముట్టుకోలేదో కోడ్ రాయడం మొదలుపెట్టిన నెలలోనే తెలిసింది. సిమ్స్‌లో ఉద్యోగమంటే మెట్లు. రోజూ మంచి మూడ్‌లో పనికి పోయి, అడిగిన స్కిల్ పెంచుకుంటే ఒక గీత నిండుతుంది. గీత నిండితే ప్రమోషన్, జీతం పెరుగుదల, ఒక బహుమతి వస్తువు. చదువుతుంటే ఏదో గుర్తొస్తోంది కదా? మన అప్రైజల్! ట్రైనీ, ఇంజినీరు, సీనియరు, లీడు, మేనేజరు. రేటింగ్ తగ్గితే నెలరోజులు మొహం మాడ్చుకుని తిరుగుతాం, మేనేజర్ని తిట్టుకుంటాం, కానీ నెల తిరిగేసరికి జీతం పడుతుంది, పైమెట్టు అక్కడే ఉంటుంది. ఇది ప్రపంచ ధర్మం అనుకుంటాం. ఆట రాసినవాళ్ళు కూడా ఆఫీసుల్లో కూర్చుని రాసినవాళ్ళే మరి, డాక్టరుకీ దొంగకీ వ్యోమగామికీ అదే నిచ్చెన వేశారు. డైరెక్టరు ఆ నిచ్చెన మీద నిలబడడు. ఎందుకు నిలబడడో నాకు చెప్పింది పుస్తకాలు కాదు, మా అన్న.

మాది గోనెగండ్ల. కర్నూలు జిల్లాలో పడమటి పక్క, ఎమ్మిగనూరు దగ్గర. గాజులదిన్నె ప్రాజెక్టు ఉన్న మండలం అంటే కొంతమందికి తెలుస్తుంది. ఆదోని పక్కనే, పత్తి మార్కెట్ ఆదోని. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది, ఇప్పటికీ మా మాటల్లో కన్నడం దొర్లుతుంది. బళ్ళారి రాఘవ నాటకాలాడిన చుట్టుపట్లు ఇవి, నాటకాల పిచ్చి పాతదే. బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు మార్గం ఆదోని మీదుగానే. సినిమా వాళ్ళంతా మద్రాసులో ఉన్న రోజుల్లో పిచ్చి ముదిరితే ఆదోనిలో రైలెక్కి నేరుగా దిగడమే. ఇప్పుడు హైదరాబాదు బస్సు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వాన మొహం చాటేస్తే మా వైపు జనం మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయ కోతలకి, పత్తి తీయడానికి పోతారు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. పిల్లల్ని కూడా బడి మాన్పించి లారీ ఎక్కిస్తారు. పోయినవాళ్ళు ఏదో ఇంత డబ్బు తెచ్చుకుని తిరిగొస్తారు. మా పెద్దనాయన కొడుకు 2017లో డైరెక్టర్ అవుతానని హైదరాబాదు పోయినాడు. "మీవోడు ఏం సుగ్గికి పోయినాడప్పా, ఇన్నేండ్లు రాకపోవడానికి?" అని ఊర్లో పరాచికం. పెద్దనాయన నవ్వేసేవాడు. రెండేళ్ళుగా నవ్వడం లేదు.

అన్న చేసిన పని లేకపోలేదు. రెండు సినిమాల టైటిల్స్‌లో అసిస్టెంట్ల వరుసలో పేరు పడింది. అది వేగంగా పోతుంది, ఊర్లో చూపించాలంటే ఫోన్‌లో ఆపి చూపించాలి. ఇంకో సినిమా సగంలో ఆగిపోయింది, ఆ డబ్బులు రాలేదు. ఆ కంపెనీ పేరెందుకు లెండి. చేతిలో ఒక కథ ఉంది, సుగ్గికి పోయే లారీ మీద కథ. నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ఒక చోట ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. విన్న నిర్మాతలు అడిగేది మాత్రం ఒకటే, "ఇందులో హీరో ఏం చేస్తాడు?" గది బాడుగలో అన్న వాటా నేను పంపుతాను. అందుకని ఈ మాడ్ నాకు ఉత్త కాలక్షేపం కాదు.

నిచ్చెన సంగతికి వద్దాం. మన తెలుగులో పెద్ద డైరెక్టర్ల దార్లు చూస్తే ఒక్కటీ ఇంకోదానితో కలవదు. మా రాయలసీమ మనిషి కె.వి.రెడ్డినే తీసుకోండి, తాడిపత్రి. ఆయన సినిమాల్లోకి వచ్చింది క్యాషియర్‌గా. తర్వాత వాహినిలో ప్రొడక్షన్ మేనేజర్. 1943లో 'భక్త పోతన'కి డైరెక్టర్. ఏ గీత నిండితే క్యాషియరు డైరెక్టరవుతాడు? ఇది నా ఊహ గానీ, లెక్క తప్పడు అన్న నమ్మకం మొదట కుదిరి ఉంటుంది, కథ తప్పడు అన్న నమ్మకం తర్వాత వచ్చి ఉంటుంది. 'మాయాబజార్'కి నటులతో ముందే రిహార్సల్స్ చేయించి, స్టాప్‌వాచ్ పెట్టి ఏ సీను ఎంత నిడివో కొలుచుకున్న మనిషాయన. ఫిల్ము ఖరీదు తెలిసిన క్యాషియర్ చేసే పని అది. మన భాషలో చెప్పాలంటే ఎస్టిమేషన్ తప్పని ఏకైక లీడ్ :)

ఇంకో ముక్క. అదే 'మాయాబజార్'కి, 1957లో, కె.వి.రెడ్డి దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసిన కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. ఆయన డైరెక్టర్‌గా మొదటి సినిమా 'నీతి నిజాయితీ' 1972లో వచ్చింది. పదిహేనేళ్ళు! 'పుష్పక విమానం', 'ఆదిత్య 369' తీసిన బుర్ర పదిహేనేళ్ళు ఆగింది. సిమ్స్‌లో ఒక రోజు గడవడానికి మనకి సుమారు 24 నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన పదిహేనేళ్ళు ఆడాలంటే కన్నార్పకుండా 91 రోజులు మౌస్ పట్టుకోవాలి. ఏ ఆటా దీన్ని భరించదు, కుదించాల్సిందే. కుదించాక మిగిలేది ఏమిటన్నదే నా తలనొప్పి.

పైమెట్టెక్కాక దిగకుండా ఉంటారా అంటే అదీ లేదు. 'పాతాళ భైరవి', 'మాయాబజార్', 'జగదేకవీరుని కథ' తీసిన కె.వి.రెడ్డికే 1968లో 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' ఆడలేదు. పదో మెట్టు మీదున్నవాడు కూడా ప్రతి శుక్రవారం ఒకటో మెట్టు దగ్గర నిలబడాలి. సాఫ్ట్‌వేర్‌లో ఒక రిలీజు చెడితే నన్ను మళ్ళీ ట్రైనీని చెయ్యరు కదా.

మనవాళ్ళ సంగతి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. విజయవాడలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, హైదరాబాదులో వీడియో షాపు నడిపి, 1989లో 'శివ' తీసిన రామ్‌గోపాల్ వర్మ. ఇంజినీరింగ్ అయ్యాక అమెరికాలో కంప్యూటర్లు చదివి, ఉద్యోగం చేసి, అది వదిలేసి హోవార్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకుని, 2000లో 'డాలర్ డ్రీమ్స్' తీసిన శేఖర్ కమ్ముల. మన ఆఫీసుల్లో టీ బ్రేకులో "నేనూ ఒక కథ రాసుకున్నా బాస్" అనే ప్రతివాడికీ ఈ ఇద్దరే ఆధారం. నాకూ వాళ్ళంటే ఇష్టమే. కానీ ఒక సంగతి, మనకి తెలిసేది అయినవాళ్ళ కథలే. వీడియో షాపు పెట్టి వీడియో షాపు దగ్గరే ఆగిపోయినవాళ్ళ గురించి ఎవరూ రాయరు. లాగ్ ఫైల్లో సక్సెస్ లైన్లు మాత్రమే రాసే ప్రోగ్రాం లాంటిదన్నమాట, దాన్ని చూసి సిస్టమ్ బాగా నడుస్తోంది అనుకుంటే ఎలా?

మరి మెట్లు తీసేస్తే ఆటలో ఏం పెట్టాలి? నా మాడ్‌కి మధ్యలో ఉన్న పని కథ చెప్పడం. షాట్ పెట్టడం, ఎడిటింగ్ అన్నీ తర్వాత. ముందు ఒక మనిషి ఎదురుగా కూర్చుని, రెండు గంటలు, వాడి డబ్బు నా ఊహ మీద పెట్టమని అడగాలి. డైరెక్టర్ ఉద్యోగంలో ఇదే అసలు పని అని నా అభిప్రాయం. డాక్టరు చదువుతో వస్తాడు, మనం కోడ్‌తో వస్తాం. వీడు ఇతరుల డబ్బూ, ఇతరుల డేట్సూ ఇవ్వమని అడగడానికి వస్తాడు, బదులుగా చూపించడానికి నోటిమాట తప్ప ఏమీ ఉండదు.

కథ విన్నాక జవాబు ఏమొస్తుంది? అవును లేదా కాదు వస్తే కోడ్ రాయడం చిటికెలో పని. కృష్ణానగర్‌లో మూడో జవాబే ఎక్కువ. "బాగుందమ్మా, మళ్ళీ కూర్చుందాం." ఇది ట్రూ కాదు, ఫాల్స్ కాదు, పైథాన్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే నన్. తెరిచిన టికెట్ అలాగే ఉంటుంది, ఎవరూ మూసెయ్యరు, గడువు తేదీ ఉండదు. అన్న దగ్గర అలాంటివి ఇప్పుడు నాలుగున్నాయి. 'కాదు' అంటే ఇంకో గుమ్మం ఎక్కొచ్చు. 'మళ్ళీ కూర్చుందాం' అంటే ఊరికి బస్సెక్కడానికి కూడా భయం, ఆ రోజే ఫోనొస్తే? నా మాడ్‌లో ఈ జవాబు వచ్చినప్పుడు సిమ్ ఊరు దాటి పోలేడు. నేను అడ్డు పెట్టలేదు, పోతే ఆ టికెట్ చచ్చిపోవచ్చని ఒక చిన్న గమనిక మాత్రం వస్తుంది. టెస్ట్ చేసిన నా ఫ్రెండ్స్ ముగ్గురూ ఊరు దాటలేదు.

ఈమధ్య అన్న లొకేషన్లు చూడడానికి ఎవరితోనో కలిసి బెంగళూరు వచ్చి మా గదిలో మూడు రోజులున్నాడు. ఒక రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి మాడ్ ఆడించాను. మొదట నవ్వాడు. "ఏమిరా, నన్ను బొమ్మను జేసినావా?" అని. తర్వాత నిజంగానే ఆడాడు, రెండు గంటలు లేవలేదు.

కథ చెప్పే సీనులో, వింటున్న నిర్మాతకి ఎంత నచ్చుతోందో చూపించే గీత ఒకటి పెట్టి ఉన్నాను. "ఈ గీత నాకు కనపడేటట్లుంటే ఇంగేం గావాలరా" అన్నాడు. అది తీసేశాను. దాని బదులు నిర్మాత మధ్యలో ఫోన్ చూసుకుంటాడు, టీ తెప్పిస్తాడు, ఇంకెవరో వచ్చి కూర్చుంటే మొదటినుంచి చెప్పమంటాడు. వీటిల్లో ఏది మంచికో ఏది చెడ్డకో ఆడేవాడే ఊహించుకోవాలి. టీ తెప్పించడం మంచి గుర్తు కాదంట, తెలుసా? టిఫిన్ తెప్పిస్తే కొంచెం ఆశ పెట్టుకోవచ్చంట.

తర్వాత దిగులు. కాదన్నాక సిమ్‌కి నాలుగు గంటల దిగులు పెట్టాను, ఆ తర్వాత అదే పోతుంది, ఆట పద్ధతి అదే. అన్న తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు కాదన్నందుకు అంత బాధ ఉండదంట, మధ్యాహ్నానికి పోతుందంట. బాధ ఊర్లో పెండ్లికి పోయినప్పుడంట. బస్సు చార్జీ, చదివింపులు, ఆ పైన పదిమంది "ఏం జేస్తాండావప్పా ఇప్పుడు?" అదీ ఎక్కువసేపు ఉండేది. నిజమే, ఆ పదిమందిలో నేనూ ఉన్నా కదా అని నాలుక చివరిదాకా వచ్చింది, అనలేదు. ఇప్పుడు మాడ్‌లో పెండ్లి పత్రికలు వస్తాయి. పోతే డబ్బు ఖర్చు, దిగులు. పోకపోతే అమ్మతో స్నేహం తగ్గుతుంది.

మూడోది నేను చెప్పకుండానే జరిగింది. నిర్మాత నుంచి ఫోన్ రావడానికి ఆటలో చాలా రోజులు పట్టేలా పెట్టాను, ఆ ఖాళీ రోజుల్లో ఏం చెయ్యాలో ఆడేవాడిష్టం. మార్నింగ్ షోకి పోవచ్చు, టీ బడ్డీ దగ్గర ఇంకో అసిస్టెంట్ కథకి పేరు లేకుండా సాయం చెయ్యొచ్చు, రాసుకోవచ్చు. అన్న ఇవేవీ చెయ్యలేదు. వేగం పెంచే బటన్ మీద చెయ్యి వేసి, ఫోన్ మోగేదాకా అట్లే పట్టుకున్నాడు. తెర మీద పగళ్ళూ రాత్రులూ గిరగిరా తిరిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. "ఈ బటన్ తీసేద్దామా నా?" అని అడిగాను, నిజానికి దగ్గరగా ఉంటుందని. "తీసేస్తే ఎవుడూ ఆడడు, ఉండనీ" అన్నాడు.

ఇక మిగిలింది ఒక నంబరు. ఎంత బాగా కథ చెప్పినా చివర్లో ర్యాండమ్ ఫంక్షన్‌కి ఒక విలువ ఇవ్వాలి, సినిమా ఒప్పుకునే అవకాశం ఎంత అని. 0.2 పెడితే అందరూ డైరెక్టర్లే. 0.002 పెడితే రెండు రోజులాడి తీసి పారేస్తారు. ఏ లెక్క పెట్టినా అబద్ధమే, నిజం లెక్క ఎవరి దగ్గరా లేదు, ఎందుకో పైన చెప్పాను. దీంతో నెలరోజులు తన్నుకుంటుంటే పెద్దనాయన ఫోన్ చేశాడు.

"అబ్బీ, నువ్వు లెక్కలు సదివినోనివి. వానికి అయితాదా, కాదా, ఒక మాట జెప్పు."

ఆయన అడిగింది కూడా ఆ నంబరే. అన్నకి ముప్పై రెండు నిండినాయి, సంబంధాలు రావడం తగ్గింది. బాడుగ నేను పంపడం ఆపితే వాడే దిగొస్తాడని పెద్దనాయన లెక్క. ఆపమని అడగలేదు, ఆ మాట చుట్టూ తిరిగాడు. అన్న కథలు చెప్పడంలో నాకు తెలిసినవాళ్ళందరికన్నా మొనగాడు. అయితే మొనగాళ్ళు ఆ మేడల మీద ఎంతమందున్నారో నాకేం తెలుసు? "నాకు తెలీదు పెద్దనాయనా" అన్నాను.

కోప్పడతాడనుకున్నా. పడలేదు. "వాన వస్తాదో రాదో నాకూ తెల్దు, అయినా యిత్తుతాండానా లేదా? పునర్వసు, పుష్యమి దాటినాక కూడా వాన లేకుంటే శెనక్కాయ యెయ్యం. ఉలవలు సల్లుకుంటాం. సేను బీడు పెట్టం గదా. వాడు ఉలవలు సల్లుకోవడానికి కూడా పనికి రాకుండా పోతాడేమో అని నా బాధ."

ఆ రాత్రి మాడ్‌లో ఉద్యోగం మానేసే భాగం మొత్తం తిరగరాశాను. సిమ్స్‌లో మామూలుగా ఒక ఉద్యోగం వదిలి ఇంకోదాంట్లో చేరితే కొత్త చోట దాదాపు కింది నుంచే మొదలు. నా దాంట్లో డైరెక్టర్ కావాలనుకున్నవాడు ఏ రోజైనా వదిలెయ్యొచ్చు, కథ చెప్పే స్కిల్ పోదు. దాంతో టీవీకి రాయొచ్చు, పెండ్లి వీడియోలు తీసే షాపు పెట్టొచ్చు, బడిలో పంతులు కావొచ్చు, ఎన్నికలప్పుడు పాటలు రాయొచ్చు. వెయిట్ చేసిన ఏళ్ళు వీటిలో అనుభవం కింద లెక్కకొస్తాయి.  ఇంకోటి, వదిలేసినవాడికి కూడా పాత నిర్మాత ఎప్పుడో ఫోన్ చెయ్యొచ్చు. ఆ అవకాశం సున్నా కాకుండా ఒక చిన్న విలువ పెట్టాను. ఎంతో ఇక్కడ రాయను, అన్న ఇది చదువుతాడు.

ఈ నెల బాడుగ పంపాను. వచ్చే నెల కూడా పంపుతాను. దసరాకి అన్న ఊరికొస్తే ముగ్గురం కూర్చుని ఎన్నాళ్ళని ఒక లెక్క వేసుకుందాం అని పెద్దనాయనతో అన్నాను, సరే అన్నాడు. అన్నకి ఫోన్ చేసి ఉలవల మాట చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, లైన్ కట్టయిందేమో అనుకున్నా.

"ఇది మా నాయనే అన్న్యాడా?"

"అవున్నా."

"మళ్ళొకతూరి చెప్పు, రాసుకుంటా. లారీ సీనులో ముసలాయనకు మాట దొరకక ఏడాదిగా సస్తాండా."